లష్కరు బోనాలకు మూలపురుషుడు: సురిటి అప్పయ్య

ఊళ్ళకు రాజుల పేర్లు నిలుస్తాయి. ఆ ఊళ్ళకు పండుగలనిచ్చిన సామాన్యుల పేర్లు నిలవడం అరుదు. హుస్సేన్ సాగరానికి ఉత్తరపు గట్టున వెలసిన పట్టణంలో ఈ రెండూ జరిగినవి. మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో సికింద్రాబాదుకు ఆ పేరు వచ్చినది. ఆ పట్టణంలో ఏటేటా ఆషాఢమాసంలో లక్షలాది జనం జరుపుకొనే మహాకాళి బోనాలకు మూలపురుషుడైనవాడు నవాబు కాడు, జాగీర్దారు కాడు, శాస్త్రాలు చదివిన పండితుడు కాడు. సైన్యంలో డోలీ మోసి జీవించిన సురిటి అప్పయ్య.

అతని చరిత్రలో చెప్పదగిన తేదీలు కొన్నే. 1813లో ప్రయాణం, 1815లో ప్రతిష్ఠ. ఈ రెండు సంవత్సరాల మధ్య ఒక మనిషి చేసిన మొక్కు, ఆ మొక్కు తీర్చిన తీరు ఒక మహానగరపు సంవత్సర చక్రాన్నే మార్చివేసినవి. ఆ మొక్కు బరువు తెలియాలంటే అతడు బ్రతికిన కాలాన్ని, చేసిన ఉద్యోగాన్ని, ఎదుర్కొన్న భయాన్ని ముందుగా తెలుసుకోవాలి.

దండు నుండి పుట్టిన ఊరు

1798లో రెండవ నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార ఒడంబడిక చేసుకొన్నాడు. హైదరాబాదులో ఉన్న ఫ్రెంచివారి పటాలాలు రద్దయినవి. వాటి స్థానంలో నిజాం ఖర్చుమీద కంపెనీ సైన్యం నిలిచినది. ఆ సైన్యానికి విడిది చూపించిన చోటు నగరానికి అవతల, 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలాన త్రవ్విన హుస్సేన్ సాగరానికి ఉత్తరాన ఉన్న బయలు. ముందు గుడారాలు వెలసినవి. తరువాత బారకులు వచ్చినవి. సిపాయిల అవసరాలు తీర్చడానికి బజార్లు వచ్చినవి. బియ్యం అమ్మేవాడు, బట్టలు కుట్టేవాడు, గుర్రాలకు లాడాలు కొట్టేవాడు, నీళ్ళు మోసేవాడు, అందరూ ఆ దండును నమ్ముకొని వచ్చి స్థిరపడినారు. తెలుగు, తమిళం, మరాఠీ, ఉర్దూ ఒకే వీధిలో వినిపించిన ఊరది. సికింద్రాబాదు అనే పేరు కాగితాలమీద ఉన్నా జనం నోట మాత్రం అది లష్కరు. లష్కరు అంటే సైన్యం. నేటికీ అక్కడి పండుగను లష్కరు బోనాలనే అంటారు.

చెరువు గట్టున పడమరగా పోతే బేగంపేట. నిజాం వంశపు ఆడపడుచు బషీరున్నిసా బేగం పేరు మీద వెలసిన పేట అది. పైగా ప్రభువుల జాగీరులలో చేరిన ఆ నేలమీద ముందు ముందు మేడలు, సైనికుల ఆసుపత్రి, రైలు స్టేషను, విమానాశ్రయం వచ్చినవి. లష్కరు కథలో బేగంపేటకూ ఒక అధ్యాయమున్నది. ఆ సంగతి ముందు వస్తుంది.

ఇటువంటి ఊళ్ళో పాత గ్రామాలకుండే కట్టుబాట్లు వెంటనే ఏర్పడవు. పల్లెలో పుట్టినవానికి పొలిమేర తెలుసు, పొలిమేరలో కాపలా ఉన్న పోచమ్మ తెలుసు. కష్టం వస్తే ఏ చెట్టుక్రింద దీపం పెట్టాలో తెలుసు. దండు వెంట వచ్చినవానికి పొలిమేర లేదు. నిన్నటి విడిది నేడు ఉండదు. లష్కరు జనానికి అందరిదీ అనదగిన అమ్మవారిని సమకూర్చినవాడు అప్పయ్య.

డోలీ మోసిన ఉద్యోగం

సరోజినీ నాయుడు 1905లో ప్రకటించిన తన మొదటి ప్రసిద్ధ కవితాసంపుటిలో పల్లకీ బోయీలను గురించి ఒక గీతం వ్రాసినది. అందులో బోయీలు మోసేది సుకుమారియైన పెండ్లికూతురును. అప్పయ్య మోసిన డోలీ వేరు. సైన్యంలో డోలీ అంటే ఒకే వెదురు బొంగుకు వ్రేలాడదీసిన మంచం, పైన ఎండకు అడ్డంగా ఒక గుడ్డ కప్పు. అందులో పడుకొనేవాడు గాయపడిన సిపాయి, లేక జ్వరంతో కాలు కదపలేని రోగి. ఆ రోజులలో మోటారు అంబులెన్సులు లేవు. ఈ దిక్కుకు రైలు వచ్చినదే 1874లో. దండు కదిలినదంటే రోగులను మోయవలసినది మనుష్యుల భుజాలే.

అది ఊరక బరువు మోసే పని కాదు. రోగికి కుదుపు తగలకుండా నడవాలి. వాగులో దిగినపుడు బొంగును తలపైకెత్తాలి. రాత్రిపూట రాతిదారిలో కాలు జారరాదు. భుజం మార్చుకొనేటపుడు అడుగు తప్పరాదు. ఇంతకంటె పెద్ద కష్టం మరొకటున్నది. రోగం అంటుకొనేదైతే సైన్యంలో అందరూ దూరంగా తొలగిపోవచ్చు. డోలీ బోయీ తొలగిపోలేడు. రోగి మూలుగు చెవికి ఆనుకొని ఉంటుంది, ఊపిరి అతని వీపుకు తగులుతుంది. ఎవరు బ్రతికినారో ఎవరు పోయినారో వైద్యునికంటె ముందు అతనికే తెలుస్తుంది. యుద్ధవీరుల పట్టికలో బోయీల పేర్లుండవు. కాని పటాలాన్ని చావు ఏ రీతిగా తాకుతున్నదో వారికంటె బాగుగా ఎరిగినవారు లేరు.

1813లో అప్పయ్యకు సికింద్రాబాదు నుండి ఉజ్జయినికి బదిలీ అయినది. రెండు ఊళ్ళ మధ్య దూరం ఏడువందల కిలోమీటర్లకు పైన. గోదావరి, తపతి, నర్మద దాటాలి. వింధ్యపర్వతాలెక్కి మాళవ పీఠభూమి చేరాలి. ఈ దారి పటాలాల వెంట నడిచినవారికి నెలల ప్రయాణం. భాష మారుతుంది, తిండి మారుతుంది, నీరు మారుతుంది. నీరు మారడమే అన్నిటికంటె ప్రమాదమని ఆ కాలంలో ఎవరికీ తెలియదు.

ఉజ్జయినిలో మొక్కు

ఉజ్జయిని తెలుగు పిల్లలకు కొత్త ఊరు కాదు. విక్రమార్కుడు, భట్టి, భేతాళుడు ఆ ఊరివారే. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, జక్కన విక్రమార్క చరిత్ర ఆ రాజు కథలనే తెలుగు పద్యాలలో నిలిపినవి. క్షిప్రానదీ తీరాన ఉన్న ఆ నగరం సప్త మోక్షపురులలో ఒకటి. ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఒకటైన మహాకాళేశ్వరుడు అక్కడ వెలసినాడు. అష్టాదశ శక్తిపీఠాలను లెక్కించేటపుడు శ్రీశైల భ్రమరాంబ, అలంపుర జోగులాంబ, పిఠాపుర పురుహూతిక, ద్రాక్షారామ మాణిక్యాంబలతోపాటు ఉజ్జయిని మహాకాళిని కూడా తెలుగువారు స్మరిస్తారు. చదువురాని బోయీ కూడా కథలలో విన్న పేరు అది. అతడు ఆ ఊరు చేరేనాటికి అది సింధియాల ఏలుబడిలో ఉన్నది.

ఆ రోజులలోనే కలరా చెలరేగినది. తెలంగాణ పల్లెలలో దానిని గత్తర అంటారు. ఆ మాట వినగానే ఊళ్ళు ఖాళీ అయిన కాలం ఒకటుండెడిది. ఉదయం ఆరోగ్యంగా తిరిగినవాడు మధ్యాహ్నానికి వాంతులు, విరేచనాలతో పడిపోతాడు. ఒంటిలోని నీరంతా హరించుకుపోయి కండ్లు లోతుకు పోతాయి, గొంతు పీలగిలిపోతుంది. చీకటి పడేలోగా ప్రాణం పోవచ్చు. 1817లో బెంగాలులోని జెస్సూరు ప్రాంతంలో ఈ వ్యాధి మహోగ్రంగా లేచి సైన్యాల వెంట, వర్తకుల వెంట, యాత్రికుల వెంట ప్రపంచమంతా ప్రాకినది. అంతకు ముందు కూడా మన దేశంలో అది అక్కడక్కడ విజృంభిస్తూనే ఉండెడిది.

రోగం ఎక్కడ చెలరేగినదనే విషయంలో జనశ్రుతి రెండు విధాలుగా ఉన్నది. ఉజ్జయినిలోనే వేలాదిమంది చనిపోతూ ఉంటే అప్పయ్య కండ్లారా చూచినాడని ఒక కథనం. తన సొంత ఊరైన లష్కరులో గత్తర పుట్టినదన్న వార్త ఉజ్జయినిలో ఉన్న అతనికి అందినదని మరొక కథనం. ఏది గ్రహించినా తరువాత జరిగినది ఒక్కటే. అప్పయ్య తనతోటి బోయీలను వెంటబెట్టుకొని మహాకాళి గుడికి పోయినాడు. ఈ మహమ్మారి నుండి జనాన్ని కాపాడితే, తమ ఊరికి తిరిగి వెళ్ళినాక అక్కడ నిన్ను ప్రతిష్ఠించి కొలుచుకొంటామని మొక్కుకొన్నాడు.

ఈ మొక్కును కొంచెం ఆగి ఆలోచించాలి. సామాన్యంగా మొక్కు మనిషి తనకోసం మొక్కుకొంటాడు. తన బిడ్డకు జ్వరం తగ్గితే తలనీలాలిస్తాననీ, తన వ్యాజ్యం గెలిస్తే నిలువుదోపిడి ఇస్తాననీ అంటాడు. అప్పయ్య కోరినది జనమంతా బ్రతకాలని. ఇస్తానన్నది తన ఇంటిలో పూజ కాదు, ఊరి నడుమ ఒక దేవత. కోరిక అందరిది గనుక చెల్లింపు కూడా అందరిదీ అయినది. ఒక ఉద్యోగి సొంత మొక్కు ఊరి పండుగగా మారడానికి బీజం ఇక్కడనే పడినది.

రోగాన్ని చూచి దేవతకు మొక్కడం అజ్ఞానమని తేలికగా అనివేయడం న్యాయం కాదు. ఆనాడు కలరాకు కారణం భూమిమీద ఎవరికీ తెలియదు. 1831లో అది ఇంగ్లండు చేరినపుడు అక్కడి వైద్యులు కూడా నిస్సహాయులే అయినారు. 1832 మార్చి 21న ఆ దేశమంతటా కలరా నివారణకోసం ఉపవాస ప్రార్థనల దినాన్ని ప్రభుత్వమే ప్రకటించినది. లండనులో జాన్ స్నో అనే వైద్యుడు ఒక వీధి పంపునీటి ద్వారా కలరా వ్యాపిస్తున్నదని చూపినది 1854లో. రాబర్ట్ కాక్ ఈజిప్టులోను, కలకత్తాలోను పరిశోధించి ఆ సూక్ష్మక్రిమిని నిర్ధారించినది 1883, 1884 సంవత్సరాలలో. ఆ క్రిమి విడుదల చేసే విషం పేగులను ఎట్లా దెబ్బతీస్తుందో కలకత్తాలో శంభునాథ్ డే 1959లో నిరూపించినాడు. కాచి చల్లార్చిన నీటిలో చక్కెర, ఉప్పు తగిన పాళ్ళలో కలిపి త్రాగిస్తే రోగిని బ్రతికించవచ్చునని బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాలలో పెద్దయెత్తున రుజువైనది 1971లో. 1813లో ఒక డోలీ బోయీ చేతిలో ఇవేవీ లేవు. ఉన్నది రెండే: రోగిని దించకుండా మోసే భుజం, కలిసి మొక్కుకొనే మనస్సు.

కట్టె విగ్రహం నుండి రాతి విగ్రహం దాకా

రోగం శాంతించినది. అప్పయ్య, అతని సహచరులు లష్కరుకు తిరిగివచ్చినారు. గండం గడిచినాక మొక్కులు మరచిపోవడం లోకసహజం. ఉజ్జయినిలో చేసిన మొక్కుకు సికింద్రాబాదులో సాక్షులెవరు? తీర్చకపోతే అడిగేవారు లేరు. అప్పయ్య మరచిపోలేదు. 1815 జూలైలో, ఆషాఢపు వానల వేళ, కట్టెతో చేసిన మహాకాళి విగ్రహాన్ని బజారు ప్రాంతంలో ప్రతిష్ఠించినాడు. ఉజ్జయినిలో మొక్కిన మొక్కు గనుక ఆ దేవతకు ఉజ్జయిని మహాకాళి అన్న పేరు స్థిరపడినది. జనం నోట అది ఉజ్జయిని మహంకాళి.

విగ్రహం రాతిది కాక కట్టెది కావడంలో ఆనాటి అతని స్థితి కనిపిస్తుంది. రాతిని చెక్కించడానికి ధనం కావాలి, గుడి కట్టించడానికి ప్రభువుల ఆదరణ కావాలి. మొక్కు తీర్చడానికి అవి రెండూ సమకూడేదాకా అతడు ఆగలేదు. చేతికి అందినదానితో మాట నిలుపుకొన్నాడు. తరువాత ఆలయాన్ని వృద్ధిచేసే ప్రయత్నంలో అక్కడి బావిని బాగుచేయిస్తూ ఉండగా ఒక విగ్రహం దొరికినదని ఆలయ చరిత్ర చెబుతుంది. ఆమెకు మాణిక్యాలమ్మ అని పేరు పెట్టి మహాకాళి ప్రక్కనే నిలిపినారు. ద్రాక్షారామంలోని మాణిక్యాంబను తలపించే ఆ పేరుతో మాళవపు శక్తికి తెలుగుదేశపు శక్తి తోడైనట్లయినది. 1864లో కట్టె విగ్రహం స్థానంలో రాతి విగ్రహం వచ్చినది. నాలుగు చేతులలో కత్తి, శూలం, డమరుకం, అమృతపాత్ర ధరించి కూర్చున్న మూర్తి అది.

ఆలయ నిర్వహణ చాలాకాలం అప్పయ్య వంశీయుల చేతిలో సాగి, పిమ్మట దేవాదాయశాఖ ఆధీనానికి వచ్చినది. జనరల్ బజారుకు ఆనుకొన్న ఆ వీధి దేవత పేరనే మహాకాళి వీధిగా ప్రసిద్ధికెక్కినది. దండు వెంట వచ్చి ఏర్పడిన బజారుకు ఇట్లా ఒక పొలిమేర, ఒక నడిబొడ్డు, ఒక కావలి తల్లి ఏర్పడినవి.

బోనమెత్తే విధం

అప్పయ్య నాటిన మొక్క ఎట్లా చెట్టయినదో తెలియాలంటే ఆషాఢమాసపు ఆదివారం నాడు లష్కరులో జరిగే తంతును చూడాలి. బోనమన్నది భోజనమనే మాటకు వికృతి. అమ్మవారికి అన్నం పెట్టడమే ఈ పండుగ సారం. పల్లెలలో పోచమ్మకు, ఎల్లమ్మకు, మైసమ్మకు బోనం పెట్టే ఆచారం అప్పయ్యకంటె ఎంతో పాతది. ఆ పల్లె ఆచారానికి పట్టణంలో ఒక పెద్ద నెలవు దొరకడం అతని మూలంగా జరిగినది.

ఇల్లాలు తెల్లవారకముందే లేచి తలస్నానం చేస్తుంది. కొత్త కుండను గాని ఇత్తడి బిందెను గాని కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, సున్నంతో చారలు తీరుస్తుంది. కొత్త పొయ్యిమీద బియ్యం, పాలు, బెల్లంతో అన్నం వండి అందులో నింపుతుంది. కుండ మెడకు వేపమండలు కడుతుంది. పైన మూకుడు ఉంచి దీపం వెలిగిస్తుంది. పట్టుచీర కట్టి, ఆ బోనం తలకెత్తుకొని, డప్పుల మ్రోత వెంట గుడికి నడుస్తుంది. దీపం ఆరకూడదు, కుండ తొణకకూడదు. గుడి దగ్గర పసుపు, వేపాకు కలిపిన నీటిని సాకపోస్తారు. కాగితాలతో, వెదురుపుల్లలతో కట్టిన రంగురంగుల తొట్టెలను అమ్మవారికి సమర్పిస్తారు. నైవేద్యాలతో నింపిన ఫలహారపు బండ్లను ఊరేగిస్తారు.

ఊరేగింపుకు ముందు నడిచేవాడు పోతురాజు. అతడు అమ్మవారికి తమ్ముడు. ఒళ్ళంతా పసుపు, నుదుట పెద్ద కుంకుమబొట్టు, కాళ్ళకు గజ్జెలు, నడుముకు ఎర్రబట్ట, చేతిలో కొరడా. అతడు చిందు వేస్తూ త్రోవ చూపుతాడు. జమిడిక వాయించే బైండ్లవారు కథలు పాడతారు. పూనకంతో ఊగే శివసత్తులు వెంట వస్తారు. కుండ చేసినవాడు కుమ్మరి, డప్పు కొట్టినవాడు మాదిగ, బోనమెత్తినది ఇంటింటి ఇల్లాలు. పండుగలో ఎవరి పని వారికున్నది. వారిలో ఎవరు లేకపోయినా తంతు సాగదు. నిత్యజీవితంలో దూరంగా నిలబెట్టిన మనిషిని పండుగనాడు ముందు నడిపించే ఆచారం ఇందులో కనిపిస్తుంది. ఆ ఒక్కనాటి మర్యాద తక్కిన దినాలలో కూడా దక్కవలసినదే.

పండుగకు ముందే ఘటం ఎదుర్కోలు జరుగుతుంది. ఘటమంటే అమ్మవారిని ఆవాహన చేసి అలంకరించిన కలశం. దానిని వీధి వీధికి త్రిప్పినపుడు ప్రతి ఇంటివారు నీళ్ళు వారపోసి హారతిస్తారు. ఆషాఢంలో కొత్త పెండ్లికూతురు పుట్టింటికి వచ్చినట్లు అమ్మవారు కూడా పుట్టింటికి వస్తుందని జనం నమ్మకం. అందుచేతనే పండుగలో భక్తికంటె చనువు ఎక్కువ. వచ్చిన ఆడపడుచుకు అన్నం పెట్టి, చీర పెట్టి, ఆటపాటలతో అలరించి సాగనంపడం ఇందులోని భావం.

ఆదివారం బోనాలు ముగిసిన మరునాటి ఉదయం రంగం జరుగుతుంది. పెండ్లి చేసుకోక అమ్మవారి సేవకు అంకితమైన స్త్రీ ఒకామె, కాల్చని పచ్చికుండపై నిలబడి, అమ్మవారు పలికించినట్లుగా రాబోయే సంవత్సరపు భవిష్యం చెబుతుంది. వానలు పడతాయా, పంటలు పండుతాయా, రోగాలు రాకుండా ఉంటాయా అని అడుగుతారు. అధికారులు, మంత్రులు కూడా ఆ మాట వినడానికి నిలబడతారు. ఈ ప్రశ్నలలో రోగాల ప్రశ్న నేటికీ ఉండడం గమనించదగినది. 1813 నాటి భయం ఆ ప్రశ్నలో ఇంకా బ్రతికి ఉన్నది. అటుపిమ్మట ఏనుగుమీద అమ్మవారి పటాన్ని ఊరేగించి, ఘటాన్ని సాగనంపుతారు. పూర్వం మేకలను, దున్నలను బలియిచ్చే ఆచారముండెడిది. ఇప్పుడు గుడిలో దానికి బదులుగా గుమ్మడికాయను కొడతారు.

ఆషాఢమంతా నగరంలో ఈ పండుగ ఒకచోట నుండి మరొకచోటికి నడుస్తుంది. గోలకొండ కోటలో జగదాంబకు మొదటి బోనం. బేగంపేటకు కూతవేటు దూరంలోని బల్కంపేటలో, భూమట్టానికి దిగువగా ఊటనీటి నడుమ పవళించి ఉన్న ఎల్లమ్మకు మంగళవారం నాడు కళ్యాణం. తరువాత లష్కరు. ఆ పిమ్మట పాతనగరంలోని లాల్ దర్వాజా. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నపుడు, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రధాని మహారాజా కిషన్ ప్రసాదు సలహామీద అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించి వరద తగ్గుమని వేడుకొన్నాడని లాల్ దర్వాజావారు చెప్పుకొంటారు. గత్తరయినా వరదయినా, వానకాలపు ఆపదను తల్లికి నివేదించుకోవడం ఈ నగరపు అలవాటు.

బేగంపేట ఆసుపత్రి

అప్పయ్య మొక్కు తీర్చిన ఎనభై రెండేళ్ళకు ఇదే దండులో మరొక సైనికోద్యోగి వానకాలపు రోగంతో పోరాడినాడు. అతడు వైద్యుడు రోనాల్డ్ రాస్. మలేరియాను మోసుకొచ్చేది దోమయేనా అన్న పరిశోధనలో ఉండగా 1895లో అతనిని కలరా పనిమీద బెంగుళూరు పంపినారు. తిరిగివచ్చి పని సాగించినాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన దోమకొక అణా చొప్పున ఇచ్చినాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూచినాడు. 1902లో నోబెల్ బహుమతి పొందినాడు. అతడు పరిశోధన చేసిన బేగంపేట భవనం నేటికీ అతని పేరుతో ఉన్నది.

ఒకే దండు, ఒకే వానకాలం, ఒకే భయం. ఒకరు గుడి నిలిపినారు, ఒకరు క్రిమిని కనుగొన్నారు. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఎవరు గొప్ప అని అడగడం పిల్లల పందెం వంటిది. రాస్ కనుగొన్నది రోగానికి మూలం. అప్పయ్య నిలిపినది రోగకాలంలో చెదరిపోయే మనుష్యులను ఒకచోట చేర్చే కట్టు. మందు రోగిని బ్రతికిస్తుంది. రోగిని దగ్గరకు తీసుకొనే మనిషి లేకపోతే మందు అందదు. దోమ కడుపు కోసి చూచిన వైద్యునికి వేలు చూపిన ఓరిమి, రోగిని భుజాన మోసిన బోయీకి గుండె చూపిన ఓరిమి వేరువేరు కావు.

ఈ సత్యం 2020లో మరొకసారి పరీక్షకు వచ్చినది. కరోనా మహమ్మారి విజృంభించిన ఆ ఆషాఢంలో లష్కరు వీధులు బోసిపోయినవి. ఆలయంలో అర్చకులు మాత్రమే పూజలు జరిపినారు. జనం తమ ఇళ్ళలోనే బోనం వండి అమ్మవారికి చూపి తాము తిన్నారు. మహమ్మారివలన పుట్టిన పండుగ మహమ్మారివలననే ఆ ఏడు గడప దాటలేదు. అయినా పండుగ తప్పినట్లు కాలేదు. ఇతరుల ప్రాణం నిలవాలన్నదే ఆ మొదటి మొక్కులోని కోరిక. ఇతరుల ప్రాణంకోసం ఇంటిలో ఉండిపోయినవారు కూడా ఆ మొక్కునే తీర్చినారు.

అప్పయ్య మిగిల్చినది

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించినది. ఆనాటి నుండి ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు సమర్పించడం, రక్షణ ఏర్పాట్లు, ప్రత్యేక రైళ్ళు, దీపాల అలంకారాలు ఘనంగా జరుగుతున్నవి. ఇంత వైభవానికి మొదట ఉన్నది ఒక కట్టె విగ్రహం, దానిని నిలిపిన ఒక బోయీ, అతని తోటివారు కొందరు. ఆ తోటివారి పేర్లు చరిత్రలో నిలవలేదు. కాని మొక్కుకొన్ననాడు అప్పయ్య ఒంటరిగా లేడు. డోలీని ఒక్కడే మోయలేడు, ముందు వెనుక భుజాలు కలవాలి. మొక్కునూ వారు అట్లాగే కలిసి మోసినారు.

బోయీ బ్రతుకుకూ బోనమెత్తే ఇల్లాలి నడకకూ ఒక పోలిక ఉన్నది. ఇద్దరూ బరువు మోసేవారే. ఇద్దరికీ కావలసినది తొణకని అడుగు. బోయీ మోసినది రోగిని, ఇల్లాలు మోసేది తల్లికి పెట్టే అన్నాన్ని. రెండు బరువులూ ఎవరో మరొకరికోసమే.

అప్పయ్య గ్రంథాలు వ్రాయలేదు, శాసనాలు వేయించలేదు. ఆయుధం పట్టి పేరు పొందలేదు. కష్టకాలంలో ఒక మాట ఇచ్చినాడు, కష్టం తీరినాక ఆ మాట నిలుపుకొన్నాడు. ఊరి బావి బాగుపడిన కథ కూడా ఆ మాట వెంటనే నడిచి వచ్చినది. కలరా నీటివలన వ్యాపిస్తుందని ప్రపంచం ఆ తరువాత ఎన్నో ఏండ్లకు గాని తెలుసుకోలేదు. నేడు ఆ సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. ఆషాఢపు వానలలో నీటిని కాచి త్రాగడం, ఊరి బావిని, కుంటను శుభ్రంగా ఉంచడం, రోగిని విడిచిపెట్టకుండా ఆసుపత్రికి చేర్చడం, ఇవి చేసినవాని ఇంట బోనపు దీపం ఇంకొంత వెలుగుతుంది.